గాలివాన కబురు హాంకాంగ్ నుంచి

ఆదివారం హాంకాంగ్ సెంట్రల్ స్టేషన్ మెట్లెక్కి బయటికి వస్తే చేటర్ రోడ్డు మీద ఒక్క కారూ కనబడదు. ఆ ఒక్క రోజూ ఆ రోడ్డుని మనుషులకి వదిలేస్తారు. బ్యాంకుల ముందూ, ఖరీదైన నగల షోరూముల ముందూ అట్టపెట్టెలు విప్పి నేలమీద పరుచుకుని వేలమంది ఆడవాళ్ళు కూర్చుని ఉంటారు. హెచ్.ఎస్.బి.సి. ప్రధాన భవనం కింద నేల అంతస్తు గోడలు లేకుండా బయటికి తెరిచి ఉంటుంది. ఎండకీ వానకీ నీడ దొరికేది అక్కడే కాబట్టి పొద్దున్నే వచ్చినవాళ్ళకే అక్కడ చోటు. ఒకచోట గోళ్ళకి రంగులు వేస్తున్నారు. ఒకచోట స్పీకరు పెట్టుకుని డాన్సు నేర్చుకుంటున్నారు. ఇంకోచోట ఊరికి పంపే పెద్ద పెట్టెలో సబ్బులూ, టూత్‌పేస్టులూ, పిల్లల బూట్లూ సర్ది, మూత మీద మోకాలు పెట్టి నొక్కి టేపు వేస్తున్నారు.

వీళ్ళంతా ఫిలిప్పీన్స్ వాళ్ళు. హాంకాంగ్ ఇళ్ళల్లో వంట చేసేది, పిల్లల్ని పెంచేది, ముసలివాళ్ళని లేవదీసి కూర్చోబెట్టేది వీళ్ళే. ఇంచుమించు రెండు లక్షలమంది ఉంటారు. పనిచేసే ఇంట్లోనే ఉండాలని అక్కడి నియమం. వారానికి ఒక రోజు సెలవు. 2024 సెప్టెంబరులో కనీస జీతాన్ని నెలకి 4,990 హాంకాంగ్ డాలర్లకి పెంచారు. ఆ సెలవు రోజు కూర్చోవడానికి వాళ్ళకంటూ ఒక గది ఉండదు, అందుకే ఈ రోడ్డు.

నాకు వీళ్ళ సంగతి కువైట్ మీదుగా తెలిసింది. మా కోనసీమలో కువైట్ వెళ్ళొచ్చిన ఆడమనిషి లేని వీధి అరుదు. మా వీధిలో ఒకావిడ చాలా ఏళ్ళు అక్కడ ఇంటిపని చేసి తిరిగొచ్చింది. ఆవిడకి అరబ్బీ వచ్చు, దాంతోపాటు ఫిలిప్పీన్స్ సీరియళ్ళ కథలూ వచ్చు. అదే ఇంట్లో పనిచేసే మనీలా అమ్మాయి ఫోన్‌లో సీరియల్ పెట్టుకుని, ఉల్లిపాయలు తరుగుతూ ఎవరు ఎవరికి ఏమవుతారో ఈవిడకి విప్పి చెప్పేదట. “ఎక్కడికెళ్ళినా వాళ్ళ టీవీ వాళ్ళ వెనకాలే వస్తుందండీ. దేశం విడిచొచ్చినవాళ్ళు కూడా తమవాళ్ళేనని ఎవరో అనుకున్నారన్నమాట” అంది ఆవిడ. ఆ మాట నన్ను వదల్లేదు. ఆ టీవీని చూసేవాళ్ళ దగ్గర మొదలుపెట్టి, అది పుట్టే చోటుదాకా వెళ్ళాలని అప్పుడే అనుకున్నాను.

ఆ టీవీ పేరు ది ఫిలిపీనో చానెల్. అందరూ టి.ఎఫ్.సి. అంటారు. మనీలాలో పేరుమోసిన ఏ.బి.ఎస్.-సి.బి.ఎన్. సంస్థ 1994లో అమెరికాలో దాన్ని మొదలుపెట్టింది. స్వదేశంలో యాంటెన్నాకి ఉచితంగా దొరికే కార్యక్రమాలని ఉపగ్రహం మీదుగా తెచ్చి, నెల చందా మీద వలసవాళ్ళ ఇళ్ళకి ఇవ్వడం దాని పని. క్రమంగా గల్ఫ్, యూరప్, జపాన్, ఆస్ట్రేలియాలకీ పాకింది. పోటీ సంస్థ జి.ఎం.ఏ. 2005లో పినోయ్ టీవీ పేరుతో తన చానెల్‌ని విదేశాలకి పంపింది. కార్యక్రమాల మధ్య వచ్చే ప్రకటనలు చూస్తే ఆ చానెల్ ఎవరికోసమో ఇట్టే తెలుస్తుంది. డబ్బు పంపే కంపెనీలు, పెట్టెలు ఓడలో చేరవేసేవాళ్ళు, వీసా లాయర్లు, మనీలాలో కట్టబోయే ఫ్లాట్లు. అమెరికాలో మన తెలుగు చానెళ్ళు చూసేవాళ్ళకి ఈ వరస కొత్త కాదు, ఫ్లాట్ల ఊరు మారుతుందంతే.

అయితే ఈ ఏర్పాటంతా ఇల్లున్న వలసవాళ్ళని చూసి చేసింది. శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన డేలీ సిటీలో ఉండే నర్సమ్మకి హాలుంది, సోఫా ఉంది, గోడకి టీవీ ఉంది, చందా కట్టడానికి క్రెడిట్ కార్డు ఉంది. ఇక్కడ అట్టముక్క మీద కూర్చున్నావిడకి యజమాని వంటింటి పక్కన మంచం పట్టేంత చోటు మాత్రమే ఉంది. రిమోట్ ఆవిడది కాదు. స్మార్ట్‌ఫోన్ రాకముందు ఈ చానెల్‌ని ఎలా చూసేవారని చాలామందిని అడిగాను. డబ్బు పంపడానికి వరల్డ్‌వైడ్ హౌస్‌కి వెళ్ళినప్పుడు కొట్లో పైన వేలాడే టీవీలో చూసేవాళ్ళమన్నారు. పెడ్డర్ స్ట్రీట్ మొదట్లో ఉంటుంది ఆ భవనం. ఎస్కలేటర్ ఎక్కి లోపలికి వెళితే మొత్తం ఫిలిప్పీన్స్ కొట్లే: డబ్బు పంపే కౌంటర్లు, సిమ్ కార్డులు, ఎండుచేపలు, వెనిగరు సీసాలు. క్యూలో నిలబడి సీరియల్‌లో ఒక ముక్క చూసి, మిగతా కథ పక్కావిడని అడిగి తెలుసుకునేవారట. టీవీ అందరికన్నా ఎక్కువ అవసరమైనవాళ్ళకి అది అందరికన్నా తక్కువగా దొరికింది. ఫోన్ వచ్చాకే అది వాళ్ళ చేతికొచ్చింది.

నేను ఎక్కువసేపు కూర్చున్నది నలభై దాటిన ఒకావిడ పక్కన. ఊరు అల్బాయ్ రాష్ట్రంలో, మయోన్ అగ్నిపర్వతం కింద. ఆవిడ జట్టులో నలుగురున్నారు. మధ్యలో అన్నం, వెనిగరులో ఉడికించిన కోడికూర. నాకూ ఒక ప్లేటు ఇచ్చి, ‘ఆటే’ అని పిలిచారు. పెద్దక్కని అలాగే పిలుస్తారు. పన్నెండు కాగానే ఒకమ్మాయి ఫోన్‌ని వాటర్ బాటిల్‌కి ఆనించి నిలబెట్టింది. ఆదివారం మధ్యాహ్నాల ఆటపాటల కార్యక్రమం అది, పేరు ‘ఎసాప్’, 1995 నుంచీ వస్తోంది. అదే కార్యక్రమం కువైట్‌లో పొద్దున్న ఏడింటికి, కాలిఫోర్నియాలో శనివారం రాత్రికి పడుతుంది. హాంకాంగ్‌కి మాత్రం మనీలా గడియారమే. అక్కడ మధ్యాహ్నమైతే ఇక్కడా మధ్యాహ్నమే. ఊళ్ళో వాళ్ళమ్మ అన్నం తింటున్న వేళకే తనూ తింటోంది, ఆవిడ చూసే పాటే తనూ చూస్తోంది అన్న భరోసా వీళ్ళకుంది. గల్ఫ్ వాళ్ళకీ అమెరికా వాళ్ళకీ అది లేదు.

అసలు వీళ్ళ కథలతోనే ఆ టీవీ సగం బతికింది. 1991లో మొదలైన ‘మాలాలా మో కయా’ కార్యక్రమంలో ప్రేక్షకులు రాసిన ఉత్తరాలని నాటికలుగా తీసేవారు. చారో శాంటోస్ ఆ ఉత్తరాలు చదివేది. దూరదేశంలో పనిచేసే తల్లులవీ, వాళ్ళు లేకుండా పెరిగిన పిల్లలవీ అందులో ఎన్నెన్నో. హాంకాంగ్‌లో ఇంటిపని చేసి తిరిగొచ్చిన తల్లిగా విల్మా శాంటోస్ నటించిన ‘అనాక్’ 2000లో వచ్చింది. 2019లో ‘హలో, లవ్, గుడ్‌బై’ ఈ వీధుల్లోనే తీశారు. ఆ షూటింగ్ చూశామని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఫోన్‌లో పాట సాగుతుండగా ఆవిడ 2020 సంగతి చెప్పింది.

ఆ ఏడాది మే 5న ఏ.బి.ఎస్.-సి.బి.ఎన్. ప్రసారాలు ఆపేయాలని ఫిలిప్పీన్స్ టెలికాం కమిషన్ ఉత్తర్వు ఇచ్చింది. ముందురోజుతో పాతికేళ్ళ లైసెన్సు గడువు తీరింది. దాన్ని ఫ్రాంచైజీ అంటారు, చట్టసభ చట్టం చేసి ఇవ్వాలి. అప్పటి అధ్యక్షుడు డుటెర్టేకి ఆ సంస్థ మీద కోపం, ఆ సంగతి ఆయన బహిరంగంగానే చెప్పేవాడు. జూలై 10న దిగువసభ కమిటీ 70–11 ఓట్లతో కొత్త ఫ్రాంచైజీని తోసిపుచ్చింది. ఆగస్టు 28న ప్రాంతీయ వార్తలన్నీ చివరిసారి వచ్చాయి. అల్బాయ్ ఉన్న బికోల్‌లో, సెబూలో, దవావ్‌లో, ఎక్కడి వార్తలు అక్కడే ఆగిపోయాయి. దేశంలో యాంటెన్నాకి వచ్చే బొమ్మ పోయింది. విదేశాల్లో మాత్రం ఏమీ ఆగలేదు. ఫిలిప్పీన్స్ లోపలి గాలితరంగాలకి సంబంధించిన ఫ్రాంచైజీ అది, టి.ఎఫ్.సి.కి దాంతో పనిలేదు. అలా ఇంట్లో ఉన్నవాళ్ళకి లేని టీవీ ఇల్లు వదిలివెళ్ళినవాళ్ళకి మిగిలింది.

అక్టోబరు 31, శనివారం. ‘రోలీ’ తుపాను ఆ ఏడాది ప్రపంచంలోకెల్లా బలమైన తుపాన్లలో ఒకటై బికోల్ మీదకి వస్తోంది. పనంతా అయ్యాక మంచం మీద చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆవిడ మనీలా వార్తలు చూసింది. మ్యాపు మీద గుండ్రటి తెల్లటి సుడి, దాని దారిలో తన రాష్ట్రం. వెంటనే ఫోన్ చేస్తే తల్లి, “ఇక్కడ చినుకులే పడుతున్నాయి, గాలి కూడా లేదు” అంది.

“అమ్మ టీవీలో ఏమీ రావట్లేదు. మిగతా చానెళ్ళు మా కొండ మలుపులో సరిగ్గా పట్టవు. ఊళ్ళో ఉన్న మనిషికి వెయ్యి కిలోమీటర్లకి పైగా దూరం నుంచి నేను చెప్పాల్సొచ్చింది, నీ నెత్తిమీదకి తుపాను వస్తోందని” అంది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ గొంతులో దుఃఖం కన్నా కోపం ఎక్కువ. ఆ రాత్రి వరసగా ఫోన్లు చేసి, తమ్ముణ్ణి తిట్టి, పక్కింటివాళ్ళని బతిమాలి, తల్లిని స్కూలు భవనంలోకి తరలించింది. తెల్లవారుజామున కటాండ్వానెస్ దీవిలో తీరం దాటిన తుపాను పొద్దున్నకల్లా అల్బాయ్‌లో ఉంది. మయోన్ వాలులో పేరుకున్న బూడిదా, ఇసుకా, బండరాళ్ళూ వాన నీళ్ళతో కలిసి గినోబాటన్ పట్టణం పక్క ఊళ్ళ మీదకి దిగి ఇళ్ళని పూడ్చేశాయి.

“మా అమ్మని చూసి రండి. నేనెలాగూ కాంట్రాక్టు అయ్యేదాకా వెళ్ళలేను” అంది లేచేటప్పుడు.

హాంకాంగ్ నుంచి మనీలాకి విమానంలో రెండు గంటలు. ఇదే దారిలో, ఎదురు దిశగా సాగిన ఒక ప్రయాణం ఆ విమానంలో గుర్తొచ్చింది. 1972 సెప్టెంబరులో అప్పటి అధ్యక్షుడు మార్కోస్ మార్షల్ లా పెట్టి ఇదే టీవీ సంస్థని మూయించి, అధిపతి యుజీనియో లోపెజ్ జూనియర్‌ని జైల్లో పెట్టాడు. ఆయన తండ్రి 1975లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రవాసంలోనే పోయాడు. 1977లో జూనియర్, తోటి ఖైదీ సెర్జియో ఒస్మేన్యాతో కలిసి జైలు నుంచి తప్పించుకుని, చిన్న విమానంలో ముందు హాంకాంగ్ చేరి, అక్కణ్ణుంచి అమెరికా వెళ్ళాడు. 1986లో మార్కోస్ దిగిపోయాకే సంస్థ మళ్ళీ వాళ్ళ చేతికొచ్చింది. దేశానికి దూరంగా, కాలిఫోర్నియాలో అన్నేళ్ళు గడిపిన కుటుంబమే తర్వాత వలసవాళ్ళ కోసం చానెల్ పెట్టింది. దూరం నుంచి ఊరి కబురుకి ఎదురుచూడడం ఎలా ఉంటుందో ఆ ఇంటికి తెలుసు. వ్యాపారం లెక్క ఎటూ ఉంటుంది, కానీ ఆ లెక్క ముందుగా వీళ్ళకి తట్టడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

క్వెజోన్ సిటీలో ఆ సంస్థ ఆవరణ మదర్ ఇగ్నేసియా వీధిలో ఉంది. జి.ఎం.ఏ.-కమునింగ్ స్టేషన్‌లో రైలు దిగాను. పోటీ సంస్థ పేరున్న స్టేషన్‌లో దిగి వీళ్ళ గేటుకి నడవాలి. చుట్టుపక్కల వీధుల్లో చాలావాటికి స్కౌట్ ఫలానా, స్కౌట్ ఫలానా అని పేర్లు. 1963లో ప్రపంచ జంబోరీకి వెళుతూ విమాన ప్రమాదంలో పోయిన స్కౌటు కుర్రాళ్ళ పేర్లవి. గేటు ముందు కాలిబాట మీద కాసేపు నిలబడ్డాను. 2020 జూలైలో ఉద్యోగులూ, నటులూ, ప్రేక్షకులూ కొవ్వొత్తులు పట్టుకుని నిలబడిన చోటు అది. ఒకప్పుడు ఇక్కడ తెల్లారకముందే లైవ్ షోల కోసం జనం వరస కట్టేవారు. సెలవుకి ఇంటికొచ్చిన వలసవాళ్ళకి ముందు వరసలో చోటు. కెమెరా తమవైపు తిరగ్గానే దుబాయ్‌లోనో రియాద్‌లోనో ఉన్న తోటివాళ్ళ పేర్లు గుక్కతిప్పుకోకుండా చదివేవారు.

ఎదురువీధిలో అన్నం కూరలు అమ్మే చిన్న హోటలులో తిన్నాను. యజమానురాలు 2020 గురించి అడిగితే గరిటె పక్కన పెట్టి చెప్పింది. ఆగస్టు చివర్లో వేలమందిని తీసేశారు. లైటు బాయ్‌లు, డ్రైవర్లు, మేకప్ వాళ్ళు అప్పుపద్దు తీర్చడానికి వరసగా వచ్చి, ఇక రామని చెప్పి వెళ్ళారట. ఆ తర్వాత కార్యక్రమాలు కేబుల్లోకీ, యూట్యూబ్‌లోకీ, అద్దెకి తీసుకున్న ఇతర చానెళ్ళలోకీ వెళ్ళాయి. 2025 ఫిబ్రవరిలో ఈ ఆవరణలో దాదాపు 30,000 చదరపు మీటర్లు అయాలా ల్యాండ్‌కి అమ్ముతున్నట్టు సంస్థ ప్రకటించింది. “స్టూడియోలు పోయి అపార్టుమెంట్లు వస్తే అందులో ఉండేవాళ్ళు నా దగ్గర తినరు” అంది ఆవిడ.

రాత్రి క్యుబావో నుంచి బస్సెక్కాను. తెల్లారేసరికి రెండు పక్కలా కొబ్బరితోటలు, వాటి వెనక ఎక్కడా వంకర లేకుండా పైకి లేచిన మయోన్. కొబ్బరితోటలు చూడగానే నా మనసు కుదుటపడింది. గినోబాటన్ దాటాక ట్రైసికిల్ మాట్లాడుకుని ఆ ఇంటికి చేరాను. తల్లికి డెబ్భై పైబడ్డాయి. నన్ను కూర్చోబెట్టి, చేమాకుని కొబ్బరిపాలలో మిరపకాయలతో చిక్కగా ఉడికించిన కూర పెట్టింది. మా ఇంట్లో చేమాకు పులుసు పెడతాం, కొబ్బరిపాలలో వండొచ్చని తోచలేదు. ఇంటికి వెళ్ళగానే వండాలనుకున్నాను.

గదిలో టీవీ పక్కన చిన్న నల్లడబ్బా ఉంది. 2015లో ఏ.బి.ఎస్.-సి.బి.ఎన్. అమ్మిన డిజిటల్ టీవీ పెట్టె. ఒక్కసారి కొంటే చాలు, నెలనెలా కట్టక్కర్లేదు కాబట్టి లక్షలమంది కొన్నారు. 2020 జూన్ 30న దాని మీద సంస్థ ఇచ్చే ప్రసారాలని కూడా ఆపించారు. ఇప్పుడు అందులో ఒకటి రెండు వేరే చానెళ్ళు వస్తాయి, గాలి బాగుంటే. మనవడు ఫోన్‌లో యూట్యూబ్ పెడతాడు. హాంకాంగ్ నుంచి కూతురు రీచార్జి చేయించినంతకాలం అది నడుస్తుంది.

కూతురు చెప్పిన కథే తల్లినీ అడిగాను, మనవడు మధ్యలో ఇంగ్లీషులో చెబుతుంటే. “అవును, అదే ఫోన్ చేసింది, అదే నన్ను బతికించింది” అంది. కానీ అక్కడితో ఆపలేదు.

“తుపాను వస్తోందని చెప్పింది. బికోల్ మీదకి వస్తోందని చెప్పింది. మనీలా టీవీకి బికోల్ అంతా ఒకటే. మా ఊళ్ళో తుపానుకి ఎవరూ భయపడరమ్మా, ఏటా వస్తుంది. మేము భయపడేది కొండ మీంచి దిగే ఇసుకకి. అది ఏ వాగులోంచి దిగుతుందన్నదే కావాలి మాకు. మా ప్రాంతీయ వార్తల్లో మా మాటలో చెప్పేవాళ్ళు, ఫలానా వాగు పక్కవాళ్ళు ఈ రాత్రికి లేవండి, ఫలానా వంతెన దాటొద్దు అని. పేర్లు చదివేవాళ్ళు. నా కూతురు అక్కడెక్కడో మంచం మీద కూర్చుని ఏ వాగు పేరు చెబుతుంది?”

1996 నవంబరు 6 రాత్రి మా కోనసీమ మీద పడిన తుపాను గురించి ఆవిడకి చెప్పాను. వెయ్యిమందికి పైగా పోయారు, కొబ్బరిచెట్లు లక్షల్లో నేలకూలాయి. తుపాను వస్తుందని రేడియో చెబుతూనే ఉంది. మా దగ్గర కూడా ఏ లంకలో వాళ్ళు ఎప్పుడు లేవాలో చెప్పే గొంతు లేకపోయింది. ఆవిడ తలూపి, వాగుల పేర్లు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. మనవడు గుమ్మంలోకి వచ్చి అవి ఏ వైపు ఉన్నాయో చేత్తో చూపించాడు. రోలీ రోజున ఇసుక దిగిన వాగు వాళ్ళ ఇంటికి ఎగువనే ఉంది.

అల్బాయ్ రెండో నియోజకవర్గం అప్పటి ప్రతినిధి జోయీ సల్సెడా 2025 జనవరిలో ఆ సంస్థకి మళ్ళీ ఫ్రాంచైజీ ఇవ్వాలని బిల్లు పెట్టాడు. అది చట్టం కాలేదు. ఆ సంగతి మనవడు చెబితే ముసలమ్మ అడిగింది ఒక్కటే: ఇస్తే మనీలా పాటలొక్కటే వస్తాయా, బికోల్ వార్తలు కూడా వస్తాయా? అతను తెలియదన్నాడు. అయితే ఇప్పుడు తుపానొస్తే ఎవరు చెబుతారని నేను అడిగాను. పంచాయతీ కుర్రాడు ట్రైసికిల్ మీద మైకు కట్టుకుని వాగు వెంబడి తిరుగుతాడట. ఇంజను చప్పుడులో సగం మాటలు వినబడవని, అందుకే అతన్ని ప్రతి ఇంటి ముందూ ఇంజను ఆపి చెప్పమని తనే గొడవపెట్టి ఒప్పించానని ఆవిడ చెప్పింది.